ఇల్లుటం మేడం

సంతాప సభ పంజగుట్టలో, పగలు కోర్టుకు వెళ్తూ ఆమె పాఠాలు చెప్పిన సాయంకాలపు లా కాలేజీలోనే పెట్టారు. వేదిక మీద ఒకాయన కాగితం చూసుకుంటూ ఆమె జీవిత విశేషాలు చదివారు. ఎక్కడ పుట్టారు, ఏ డిగ్రీ ఎప్పుడు తీసుకున్నారు, ఏయే కమిటీల్లో ఉన్నారు, అన్నీ వరసగా వచ్చాయి. వెనక బెంచీలో కూర్చుని ఆ వరసలో ఆమె కోసం వెతుక్కున్నాను. దొరకలేదు. ఇంతలో పక్కనున్న నడివయసు లాయరు నా వైపు వంగాడు. "మా క్లాసులో ఒకడు 'అందరూ అలాగే అంటారు మేడం' అన్నాడండి. పీరియడంతా నిలబెట్టేశారు. అందరంటే ఎవరు, పేర్లు చెప్పు అని" అంటూ నవ్వాడు. నవ్వుతూనే జేబురుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు కనిపించారు ఆమె నాకు.

ఆమె ధోరణే అంత. ఒకసారి ఇద్దరం ఆటోలో వెళ్తున్నాం. డ్రైవరు, "పంజగుట్ట కాడ మస్తు జామ్ ఉన్నదంట మేడం" అన్నాడు.

"ఎవరన్నరు?"

"ఎవరో అన్నరు మేడం."

"జూసినోడా, ఇన్నోడా?"

అతను అద్దంలోంచి ఆమెను ఒకసారి చూసి, తిన్నగా పంజగుట్ట మీదుగానే పోనిచ్చాడు. జామ్ లేదు. ఆమె మాత్రం దాన్ని గెలుపుగా తీసుకోలేదు. "పాపం, ఇన్నోడే ఉంటడు" అన్నారు, అంతే.

అలాంటి మనిషి గురించి పేరు లేకుండా రాయడం ఆమెకు నచ్చేది కాదని నాకు తెలుసు. కానీ పేరు వద్దని ఇంట్లోవాళ్లు అడిగారు. అందుకని మా ఆఫీసులో ఆమెకు పెట్టుకున్న పేరే వాడుతున్నాను. ఇల్లుటం మేడం.

ఇల్లుటం అంటే, మా కృష్ణా జిల్లా వైపు ఇల్లరికం అంటాం చూడండి, అదే. మగపిల్లలు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకుని, కొడుకు స్థానంలో పెట్టి, ఆస్తి అతని చేతికి ఇచ్చే ఆచారం. పాత ఇంగ్లీషు తీర్పుల్లో ఇది ఇంకో తీరున, 'ఇల్లాటం' అని కనిపిస్తుంది. ఏదో ఒక మాట ఖాయం చేసుకుంటే పోతుంది కదా అని మొదట్లో నేను అన్నాను. "మూడు పేర్లున్నయంటే మూడు తీర్ల బతికిన్రు అన్నట్టు. ఒక్కటి జేసి చెప్పకు" అన్నారు.

నేను లా చదివాను. కోర్టులో నిలబడి మాట్లాడాలంటే భయమేసి ఊరుకున్నాను. మా ఊరి పిల్లలందరూ కంప్యూటర్ కోర్సులకు వెళ్తుంటే నేనూ బయల్దేరి అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో దిగాను. ఆ రోజుల్లో ఆ వీధుల్లో ఆకాశం కనిపించేది కాదు. మేడ మీద మేడగా బ్యానర్లు, వాటి మీద కంప్యూటర్ భాషల పేర్లు, కింద నడిచేవాళ్ల చేతుల్లో కుక్కే కరపత్రాలు. ఆ భాషలేవీ నాకు వంటబట్టలేదు. చివరికి పంజగుట్టలో ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. విదేశీ విశ్వవిద్యాలయాల పత్రికలకు ప్రూఫులు దిద్ది, పేజీలు కట్టి పంపడం మా పని. లా పత్రికలు నాకు ఇచ్చారు. రాసేవాళ్లు ఎక్కడో ఉంటారు, చదివేవాళ్లు ఎక్కడో ఉంటారు, మధ్యలో కామాలు సరిచేసేది మేం.

ఒక మధ్యాహ్నం రిసెప్షన్ నుంచి పిలుపొచ్చింది. ఎవరో మేడం వచ్చారు, లా తెలిసినవాళ్లు కావాలంటున్నారు అని. వెళ్లి చూస్తే గంజి పెట్టిన నేత చీర, భుజాన గుడ్డ సంచీ, ఎండాకాలమైనా వానాకాలమైనా వదలని నల్ల గొడుగు. చేతిలో మేం పేజీలు కట్టే పత్రికల్లో ఒకటి.

"గీ జర్నల్ మీ దగ్గర్నే తయారైతదంట గదా?"

"పేజీలు మాత్రం మేం కడతామండి. ఏ వ్యాసం వేసుకోవాలో ఏది వద్దో అక్కడివాళ్లే తేలుస్తారు."

"అంటే తీర్పు అక్కడ, కామాలు ఇక్కడ."

"అంతేనండి."

ఆమె నవ్వారు. "మా ఇంటికెల్లి ఈడిదాంక నడిస్తె చాయ్ సుత చల్లారది. నా వ్యాసం మాత్రం సముద్రాలు దాటిపోయి వాపస్ రావాలె." గొడుగును గోడకు ఆనించి కూర్చున్నారు. "సరే బిడ్డా. తీర్పు సంగతి తర్వాత. ముంగట నాకు కామాలు నేర్పు."

ఆమె ఆ పత్రికకు పంపిన వ్యాసం అప్పటికే ఒకసారి వెనక్కి వచ్చింది. రూపం సరిగ్గా లేదని, పాద సూచికలు తమ పద్ధతిలో లేవని రాశారట. ఆ పద్ధతి నాకు కొట్టినపిండి. అలా మా ఆదివారాలు మొదలయ్యాయి. అమీర్‌పేటలో ఒక ఇరానీ హోటల్లో, కిటికీ పక్క బల్ల. నేను ఆమెకు పాద సూచికలు నేర్పేదాన్ని. ఆమె నాకు లా చెప్పేవారు. కాలేజీలో మార్కుల కోసం బట్టీ పెట్టినదంతా నాకు ఆ బల్ల దగ్గరే మొదటిసారి అర్థమైంది.

రాసుకోవడానికి ఆమె కాగితాలు కొనేవారు కాదు. దారిలో ఇచ్చే కరపత్రాలన్నీ మర్యాదగా తీసుకుని, మడత పడకుండా సంచీలో పెట్టుకునేవారు. ఒక వైపు ఖాళీ కదా. ఆమె చిత్తుప్రతి ఏ పేజీ తిప్పినా వెనక వైపు జావా, ఒరాకిల్, 'వంద శాతం ఉద్యోగం' అని ఉండేది. పంచేవాళ్లతో కూడా ఆమెకు పని ఉండేది. "ఏ ఊరు మీది? మీ తాన ఇల్లుటం ఉన్నదా? అల్లుడు మామకు కర్మ చేస్తడా, చెయ్యడా?" అని ఆపి అడిగేవారు. హాస్టల్ పిల్లలు, టిఫిన్ బండివాళ్లు, బస్సు కోసం నిలబడ్డ ముసలివాళ్లు, ఎవరినీ వదిలేవారు కాదు. పరిశోధన కోసం పల్లెలు తిరగరా అని అడిగితే, "ఎందుకు? ఊర్లన్ని వచ్చి అమీర్‌పేట చౌరస్తల దిగినయ్ గదా" అన్నారు.

ఒక ఆదివారం నేను దిద్దుతున్న వేరే వ్యాసం ప్రూఫు ఆమె కంటబడింది. అందులో మన భాషల మాటలన్నీ వాలు అక్షరాల్లో ఉన్నాయి.

"ఇవెందుకు వంగినయ్?"

"విదేశీ మాటలు అలాగే వేయాలండి. రూలు."

"ఎవరికి విదేశీ?"

అప్పట్నుంచి తన వ్యాసంలో ఎక్కడ తెలుగు మాట వాలినా, పక్కన పెన్సిల్‌తో ఒక నిలువు గీత గీసేవారు. "నిలవడమను" అనేవారు, క్లాసులో పిల్లాడికి చెప్పినట్టు.

ఆ వ్యాసం దేని గురించో చెప్పాలి. ఆమె పుట్టిన ఊరు తెలంగాణలో ఒక నేతగాళ్ల ఊరు. అక్కడి చిన్న కోర్టులో ఒక వకీలు ఉండేవారు. నేతవాళ్ల ఇళ్లలోని ఆచారాల మీద, ముఖ్యంగా ఇల్లుటం మీద, ఆయన తెలుగులో ఒక పుస్తకం రాశారు. ఊళ్లోని ప్రెస్సులోనే అచ్చయింది. ఆచారం ఎప్పుడు చట్టమవుతుంది, దాన్ని రుజువు చేయాల్సిన బరువు ఎవరి మీద ఉండాలి అని అందులో ఆయన పెద్ద వాదన పెట్టారు. అల్లుడు కొడుకుగా బతికాడని ఊరంతటికీ తెలిసినప్పుడు, పుస్తకాల్లో లేదు కాబట్టి ఆచారమే లేదనడం న్యాయం కాదన్నది ఆ వాదన. ఆ పుస్తకాన్ని ప్రపంచం ముందు పెట్టడమే మేడం పని. ఆయన్ని ఆమె 'మా సారు' అనేవారు.

పాద సూచికలు కుదిరాయి. వ్యాసం మళ్లీ వెళ్లింది. కొన్ని నెలలకు, పత్రిక తరఫున వ్యాసాన్ని తూచే పరిశీలకుల అభిప్రాయాలు వచ్చాయి. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుని ఆమె హోటల్‌కు తెచ్చారు. నిజానికి చాలావరకు మెచ్చుకున్నారు. మొదట్లో విషయం ఇంకా తేటగా చెప్పమన్నారు. "ఇది మంచి మాటనే" అని ఆమె పెన్సిల్‌తో గుర్తు పెట్టారు. ఇతర దేశాల్లో ఇలాంటి ఆచారాలతో పోల్చమన్నారు. "ఇది సుత మంచిదే." తర్వాతి మాట దగ్గర పెన్సిల్ ఆగింది. ఆ తెలుగు పుస్తకం ఒక పల్లెటూరి వకీలు చేతిపుస్తకం, పాండిత్యం కింద చర్చించాల్సిన పని లేదు, ఆ వకీలును ఇన్ఫార్మెంటుగా పేర్కొంటే చాలు అని ఉంది.

"ఇన్ఫార్మెంటు అంటే ఏమంటవ్?"

"సమాచారం ఇచ్చినవాడు అండి."

"సమాచారం ఇచ్చినోడా, వాదన పెట్టినోడా?" గొంతు పెంచలేదు. ఆమె కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడేవారు. "నేను పోయి 'అయ్యా, ఫలానా బాయి ఎక్కడున్నది' అని అడిగితె వేలు పెట్టి జూపెడ్తడు జూడు, ఆడు ఇన్ఫార్మెంటు. మా సారు బాయి జూపలే. గా బాయిల నీళ్లు ఎవరియో వాదించిన్రు."

"పోనీండి మేడం. ఒక్క మాటే కదా. మారిస్తే వేసుకుంటారు."

"నీకు ఒక్క మాట. ఆయనకు బతుకు మొత్తం."

ఆ రోజు చాయ్ రెండోసారి తెప్పించుకుని, ఆమె నాకు తన నాన్న సంగతి చెప్పారు. ఆయన పక్క ఊరి నుంచి ఇల్లుటం వచ్చినవాడు. అత్తవారింట మగ్గాల మీద ఏళ్ల తరబడి నేశాడు, మామ పోతే తలకొరివి పెట్టాడు. ఏడాది తిరక్కుండా మామ దాయాదులు వచ్చి, మన కులంలో ఇల్లుటానికి వాటా లేదు, పొమ్మన్నారు. కేసు నడిచింది. నేతవాళ్లలో ఈ ఆచారం ఉందని ఏ పుస్తకంలో ఉంది అని కోర్టు అడిగింది. ఏ పుస్తకంలోనూ లేదు. ఓడిపోయారు. ఇల్లూ మగ్గాలూ పోయాయి. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఇంకొకరి షెడ్డులో నేశాడు.

"కేసు వాదించింది మా సారే. ఓడినంక ఆయన ఊకోలే. కోర్టు అయినంక సైకిల్ మీద నేత ఊర్లన్ని తిరిగి, ముసలోళ్లను అడిగి అడిగి రాసిన్రు. పుస్తకంల లేదన్నరు గదా, పుస్తకం నేనే రాస్త అన్నరు. ప్రూఫులు నాతోని చదివించిన్రు. గప్పుడే లా చదువుతనని చెప్పిన." చల్లారిన చాయ్‌ని సాసరులో తిప్పారు. "అచ్చయ్యేటాల్లకు మా నాయిన లేడు."

సారును ఇన్ఫార్మెంటు అని రాయనని ఆమె పత్రికకు రాశారు. వాళ్లు మర్యాదగానే, అయితే ఇప్పట్లో వేసుకోలేమని జవాబిచ్చారు. కథ అక్కడితో ఆగిపోయిందనే అనుకున్నాను. ఆదివారాలు మాత్రం ఆగలేదు.

తర్వాతి చలికాలంలో ఆ పత్రిక సంపాదకురాలు హైదరాబాద్ వస్తున్నారని తెలిసింది. ప్రచురణ సంస్థవాళ్లతో కలిసి, తమ పత్రిక ఎక్కడ తయారవుతుందో చూడటానికి మా ఆఫీసుకు వస్తారట. మా మేనేజరు పాత హైదరాబాదీ, మంచివాడు. రిసెప్షన్‌లో పూలకుండీలు పెట్టించాడు, అందరినీ మెడలో కార్డు వేసుకోమన్నాడు. నేను వెళ్లి మేడం సంగతంతా ఆయనకు చెప్పి, కలవనిస్తారా అని అడిగాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"క్లయింట్ ముంగట ఇజ్జత్ పోతదేమో జర జూడు అమ్మా. చాయ్ టైమ్‌ల కలవనీ. గని ఆర్టికల్ వెయ్యమని అడగొద్దు. నాకు ప్రామిస్ చెయ్యాలె."

మేడంకు చెప్తే, "నేనేం అడుక్కోను. పుస్తకం జూపిస్త, అంతే" అన్నారు.

క్యాంటీన్‌లో మూల బల్ల దగ్గర కూర్చున్నారు ఇద్దరూ. మేనేజరూ నేనూ పక్క బల్ల దగ్గర. సంపాదకురాలు నెరిసిన జుట్టును పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, నెమ్మదస్తురాలు. మేడం సంచీలోంచి పుస్తకం తీశారు. అట్టకు ఖాకీ కాగితం తొడుగు. ముందు తెలుగులో ఒక పేరా పైకి చదివారు. తర్వాత అదే పేరాను వాక్యం వెంట వాక్యం ఇంగ్లీషులో చెప్పుకుంటూ వెళ్లారు. ఆమె ఇంగ్లీషులో కూడా ఊరి యాస ఉండేది. దాన్ని దాచుకోవాలని ఆమెకు ఎప్పుడూ అనిపించినట్టు లేదు. ఒక అధ్యాయం అలా సాగింది. సంపాదకురాలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు. టీ ముట్టలేదు.

అంతా విని ఆమె, "ఈయన బాగా వాదించారు. నాకు తెలియక అడుగుతున్నాను. ఆ ఇల్లు కూతురు పుట్టిన ఇల్లే కదా? ఈ వాదనలో కూతురు ఎక్కడ?" అన్నారు.

మేడం పుస్తకం వైపు చూశారు. ఒక పేజీ తిప్పారు. ఇంకోటి తిప్పారు. వెనక్కి వచ్చారు. మేనేజరు నా వైపు చూశాడు. సంపాదకురాలికి కూడా ఇబ్బంది అనిపించినట్టుంది, "క్షమించండి, మిమ్మల్ని నొప్పించాలని కాదు" అన్నారు.

"లేదు లేదు" అన్నారు మేడం. సంచీలోంచి ఒక కరపత్రం తీసి, వెనక్కి తిప్పి, పెన్సిల్ పట్టుకున్నారు. "ఇంకొక్కసారి అడగండి. మీ మాటల్లోనే రాసుకుంటాను."

ఆమెను దింపడానికి కిందికి వచ్చాను. పంజగుట్ట రోడ్డు మీద బస్సులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. "బాధపడ్డారా మేడం?" అన్నాను.

"బాధెందుకు?" ఆమె మొహం వెలిగిపోతోంది. "ఇన్నేండ్లకు మా సారును ఒకరు ప్రశ్న అడిగిన్రు. ఇన్ఫార్మెంటును ఎవ్వరు ప్రశ్న అడగరు బిడ్డా, చెప్పింది రాసుకొని పోతరు. పండితుణ్ణే అడుగుతరు."

గొడుగు తెరిచి రోడ్డు దాటబోతూ ఆగిపోయారు. ఆ వెలుగు నెమ్మదిగా తగ్గింది.

"గని జవాబు మా సారు తాన లేదు. నా తాన సుత లేదు."

ఒక పక్కగా జరిగి, మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

"కేసుకు మా నాయిన పోయెటోడు. మా అమ్మ సుత పోయేది. లోపలికి కాదు, కోర్టు వరండల కూసునేది. గది మా అమ్మ పుట్టిన ఇల్లు. గా మగ్గాలు ఆమె అయ్యవి. చిన్నప్పటిసంది కండెలు చుట్టింది ఆమె." చీర అంచును వేళ్లతో సవరించుకుంటూ చెప్తున్నారు. "జడ్జి ఆమెను పిలవలే. వకీలు అడగలే. ఇంత లా చదివిన, నేను సుత అడగలే. ఇల్లు పోయిందంటె మా నాయినకు పోయిందనే అనుకున్న ఇన్ని రోజులు."

తర్వాత కొన్ని వారాలు ఆమె హోటల్‌కు రాలేదు. ఫోన్ చేస్తే, "రాస్తున్న" అని పెట్టేసేవారు. వచ్చినప్పుడు సంచీ నిండా కరపత్రాలున్నాయి. వ్యాసం పాతది కాదు. సారు వాదనను ఏ తగ్గింపూ లేకుండా, ఎంత బలంగా పెట్టవచ్చో అంత బలంగా ముందు పెట్టారు. దానికి వ్యతిరేకంగా వచ్చిన తీర్పులను ఆ వాదనతోనే ఎదుర్కొన్నారు. ఆ తర్వాత తిరిగి నిలబడి, ఆయనతోనే వాదించారు. కూతురికి వాటా ఇవ్వాల్సిన అవసరం రాకుండా అల్లుణ్ణి కొడుకును చేసుకున్న ఆచారమిది. దీన్ని గుర్తించడం అల్లుడికి న్యాయం కావచ్చు, ఆ ఇంట పుట్టినదానికి మాత్రం రెండోసారి అన్యాయం. సారు ఎందరో ముసలివాళ్లను అడిగారు, ఆ ముసలివాళ్లలో ఆడవాళ్లు లేరు.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆమె చాలా కష్టపడ్డారు. 'ఆయన పొరపాటు పడ్డారు' అని రాసి కొట్టేశారు. 'ఆయన దృష్టికి రాలేదు' అని రాసి కొట్టేశారు. ఇంకా మెత్తటి ఇంగ్లీషు మాట ఏదైనా ఉందా అని నన్నడిగారు. నేను ఉన్నవన్నీ చెప్పాను. అన్నీ విని, పెన్సిల్ చెక్కుకుని, 'ఇక్కడ ఆయన చెప్పింది తప్పు' అని రాశారు.

"మరీ కటువుగా లేదా మేడం?"

"మెత్తగ రాస్తె సారు మల్ల ఇన్ఫార్మెంటే అయితరు" అన్నారు.

ఈసారి పత్రిక తీసుకుంది. ఇన్ఫార్మెంటు అన్న మాట ఎవరూ ఎత్తలేదు. పేజీలు కట్టడానికి మా ఆఫీసుకే వచ్చింది. మేనేజరు నా బల్ల మీద పెట్టి, "నువ్వే చెయ్. వేరేటోళ్లకిస్తే గా ఊర్ల పేర్లు ఖరాబ్ చేస్తరు" అన్నాడు. తెలుగు మాటలు వాల్చకుండా వేయవచ్చా అని పత్రికవాళ్లకు రాశాం. ఈ ఒక్క వ్యాసానికి సరేనన్నారు. అచ్చయిన కొన్నాళ్లకు జపాన్ నుంచి ఒక ఆచార్యుడు ఆమెకు ఉత్తరం రాశాడు. తమ దేశంలో కూడా అల్లుణ్ణి దత్తత చేసుకుంటారని, సారు వాదన తనకు కొత్తగా అనిపించిందని, ఆ తెలుగు పుస్తకం ఒక ప్రతి దొరుకుతుందా అని. ఆ రోజు ఆమె హోటల్లో కనబడినవాళ్లందరికీ చెప్పారు. "మా సారు పుస్తకం జపానాయన అడుగుతుండు!"

ఇంత జరిగినా సారుకు మాత్రం చెప్పలేదు. ఆయన బతికే ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. చూపు, వినికిడి తగ్గి, ఆస్పత్రి దగ్గరగా ఉంటుందని సోమాజిగూడలో కూతురింట్లో ఉంటున్నారు. మేడం ప్రతి నెలా వెళ్లి చూసి వచ్చేవారు. వ్యాసం సంగతి ఎత్తకుండానే తిరిగి వచ్చేవారు. "ఆయన పాఠాలు చెప్తేనే మనిషినైన. ఇగ పోయి ఆయన ముంగట కూసోని, మీరు తప్పని చదవాల్నా?" అన్నారు ఒకసారి. అచ్చు ప్రతి పోస్టులో వచ్చింది. అప్పటికీ రెండు ఆదివారాలు గడిపేశారు. మూడో ఆదివారం ఉదయం హోటల్లోకి రాకుండా బయట ఆటో ఆపించి, "ఎక్కు బిడ్డా. నువ్వుంటె నాకు జర ధైర్యం" అన్నారు.

సారు బాల్కనీలో వాలుకుర్చీలో ఉన్నారు. పల్చటి మనిషి, మందపాటి అద్దాలు. మేడం కాళ్లకు దండం పెట్టి పక్కన పీట మీద కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాను. లోపల వంటింట్లో ఆయన కూతురు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆమెకూ మేడం వయసే ఉంటుంది. తలుపు తీసి, నీళ్లిచ్చి, మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

"సారూ, మీ పుస్తకం మీద నేను రాసింది అచ్చయింది" అన్నారు మేడం గట్టిగా.

"ఏ భాషల?"

"ఇంగ్లిష్ల."

"నా పేరేసినవా?"

"వేసిన సారూ. మొదటి పేజీలనే."

పండిన మొహం విచ్చుకుంది. "ఇగ చదువు. తెలుగుల చెప్పుకుంట చదువు."

మేడం మొదలుపెట్టారు. తన సైకిలూ, తన ఊళ్లూ, తన వాదనా పరాయి దేశపు పత్రికలోంచి తిరిగి తెలుగులోకి వస్తుంటే ఆయన కుర్చీ చేతి మీద వేళ్లతో తాళం వేస్తూ విన్నారు. మధ్యలో ఒకచోట, "గా తీర్పు బరాబర్ పట్టినవ్" అన్నారు. చదువుతూ చదువుతూ మేడం ఆ పేజీకి వచ్చారు. గొంతు తగ్గింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"ఏందీ? ఇనవడ్తలేదు."

మేడం పత్రిక ఒళ్లో పెట్టుకున్నారు. "మీరు చెప్పింది తప్పని రాసిన సారూ."

"ఏది?"

"కూతురు సంగతి మీరు రాయలేదని."

కింద రోడ్డు మీద అంబులెన్సు ఒకటి కూత పెడుతూ పోయింది. ఆయన కళ్లద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"తప్పన్న కాడ్నే గొంతు తగ్గిస్తవా? కోర్టుల సుత గట్లనే చేస్తవా? గట్టిగ చదువు."

మేడం చదివారు. ఆ పేజీ, దాని తర్వాతి పేజీ, చివరి దాకా గట్టిగా, వీధిలోకి వినపడేలా చదివారు.

"మీ అమ్మ వరండల కూసునేది" అన్నారు సారు, అయిపోయాక. "నాకు యాదికున్నది. నేను బయటికి రాంగనే చెంబుల మంచినీళ్లు తెచ్చి ఇచ్చేది. నీళ్లు తాగి, మీ నాయినతోని మాట్లాడి పోతుంటి."

మేడం తల వంచుకున్నారు. ఆయన కుర్చీలోంచి కొంచెం ముందుకు వంగి, లోపలికి వినపడేలా పిలిచారు.

"అమ్మా! జర ఇటు రా."

"పొయ్యి మీద పాలున్నయ్ నాయినా" అన్నారు కూతురు వంటింట్లోంచి.

"బంద్ చేసి రా."

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమైందోనని ముగ్గురినీ మార్చి మార్చి చూస్తూ గుమ్మంలో నిలబడ్డారు. నేను లేచి కుర్చీ ఇచ్చాను. తీసుకోలేదు.

"నిలవడకు. కూసో" అన్నారు ఆయన. "కూసోని ఇను. ఇది నీ గురించి రాసింది."

ఆమె వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చునే దాకా మేడం ఆగారు. తర్వాత పత్రిక చేతిలోకి తీసుకుని, వ్యాసం మొదటి వాక్యం నుంచి మళ్లీ మొదలుపెట్టారు.